పిండిని పొంగించిన పొడి: జర్మను వంటగదిలో రసాయనశాస్త్ర కథ

మినపపిండి రుబ్బి రాత్రి మూతపెట్టి ఉంచినచో తెల్లవారుసరికి అది గిన్నె అంచుదాక పొంగి ఉండుట మన ఇండ్లలో చిన్నపిల్లలును ఎరిగిన సంగతియే. ఎందుకు పొంగినదని అడిగినచో పులిసినది కనుక అందురు. పులియుట యన నేమి? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము వెదకుచు ఐరోపా శాస్త్రజ్ఞులు పందొమ్మిదవ శతాబ్దిలో దశాబ్దములకొలది వాదించుకొనిరి. ఆ వాదములో ఎక్కువ భాగము జర్మను దేశమునందే జరిగెను. ప్రయోగశాలలో పుట్టిన జ్ఞానము చివరకు పది ఫెన్నిగుల వెలగల ఒక చిన్న కాగితపు పొట్లముగా మారి గృహిణి చేతికి వచ్చెను.

ఆదివారము మధ్యాహ్నము కాఫీతో తినెడు కేకు, క్రిస్మసునాటి తేనె బిళ్ళలు, చలికాలపు సాయంకాలము వెన్న పూసికొని తినెడు నల్లని రై రొట్టె, ఇవి జర్మనులకు ఇంటిని, తల్లిని జ్ఞాపకము చేయు వంటకములు. వీనిలో ఒక్కొక్కటి ఒక్కొక్క విధముగా పొంగును. ఆ విధములను వరుసగా పరిశీలించినచో మనకు రసాయనశాస్త్ర చరిత్రలో ఒక మంచి అధ్యాయము దొరకును. ఒక మహాశాస్త్రజ్ఞుడు ఎక్కడ సరిగా చూచెనో, ఎక్కడ చూడలేకపోయెనో కూడ తెలియును.

పిండి ఎందుకు పొంగవలెను?

గోధుమపిండిని నీటితో తడిపి, మందమైన ముద్దగా చేసి అట్లే కాల్చినచో అది ఇటుకవలె గట్టిపడును. పైభాగము మాడును, లోపల పచ్చిగా నుండును. మన చపాతీ పలుచనిది గనుక దానికి ఈ చిక్కు లేదు. కాని ఐరోపా గ్రామములలో ఒకసారి బట్టీని వేడిచేసి కాల్చిన రొట్టె చాల దినములు నిలువ ఉండవలెను. అందుకు అది లావుగా నుండవలెను. లావుగా నుండియు నడిమివరకు ఉడుకవలెను, నమలుటకు వీలుగా మెత్తపడవలెను. లోపల వేలకొలది చిన్న గాలిగదులు ఏర్పడినప్పుడే ఇది సాధ్యము. వేడి ఆవిరి ఆ గదులగుండ లోపలికి చొచ్చుకొని పోవును.

ఆ గదులను ఉబ్బించునది ముఖ్యముగా బొగ్గుపులుసు వాయువు. దానిని పిండిలో పుట్టించుటకు రెండు మార్గములు కలవు. మొదటిది ప్రాణుల మార్గము: ఈస్టు, సూక్ష్మజీవులు పిండిలోని చక్కెరను తిని వాయువును విడుచును. రెండవది లవణముల మార్గము: కార్బొనేటు జాతికి చెందిన లవణము ఆమ్లముతోగాని, వేడితోగాని కలిసినప్పుడు వాయువును విడుచును.

వాయువు పుట్టినంత మాత్రమున పని తీరదు. దానిని పట్టి నిలుపవలెను. గోధుమలోని మాంసకృత్తులు నీటితో కలిసి మర్దింపబడినప్పుడు గ్లూటెన్ అను సాగెడు బంకగా మారి వలవలె అల్లుకొనును. పుట్టిన వాయువు ఆ వలలో చిక్కుకొని బుడగలుగా నిలుచును. గోధుమరొట్టె మెత్తదనమునకు కారణమిదియే.

రై ధాన్యమునకు పులుపు ఎందుకు?

ఉత్తర, తూర్పు జర్మనీలోని ఇసుకనేలలును, అచ్చటి చలియు గోధుమకు అంతగా అనుకూలింపవు. రై ధాన్యము అక్కడ బాగుగా పండును. అందుచే శతాబ్దములపాటు అక్కడి సామాన్యజనుల ఆహారము రై రొట్టెయే. అయితే రైపిండి గోధుమపిండివలె వల అల్లదు. దానిలో పెంటోసానులు అను జిగురు పదార్థములు అధికముగా నుండి నీటిని పీల్చుకొనును. రొట్టెకు ఆకారమును నిలుపునవి ఈ జిగురును, ఉడికిన పిండిపదార్థమును.

ఇక్కడ ఒక చిక్కు కలదు. రైగింజలో అమిలేజు అను ఎంజైము ఉన్నది. అది పిండిపదార్థమును తెగగొట్టి చక్కెరలుగా మార్చును. రైలోని పిండిపదార్థము గోధుమలోని దానికంటె తక్కువ వేడిలోనే ఉడుక నారంభించును. ఆ వేడికి అమిలేజు ఇంకను నశింపక చురుకుగా పనిచేయుచునే యుండును. ఫలితముగా రొట్టె పైకి కాలినట్లు కనిపించినను లోపల తడిముద్దవలె జిగటగా మిగిలిపోవును. పులుపు ఈ ఎంజైమును అణచివేయును. కనుక రై రొట్టెకు పులుపు రుచికొరకు మాత్రమే కాదు. అది లేనిదే మంచి రొట్టె కుదరదు.

గ్రామములోని గృహిణికి ఎంజైములను గూర్చి ఎవరును చెప్పలేదు. కాని ఆమె ప్రతిసారి పిండిముద్దలో కొంత తీసి దాచి, మరుసటి వాయకు దానినే తోడుగా వేసెడిది. మనము పాలలో నిన్నటి పెరుగును తోడువేయుట ఎట్టిదో ఇదియు అట్టిదే. ఆ తోడులో లాక్టికామ్లమును పుట్టించు సూక్ష్మజీవులును, సహజముగా పెరిగెడు ఈస్టులును కలిసి కాపురము చేయును. మొదటివి పులుపును, రెండవవి పొంగును ఇచ్చును. వెస్ట్‌ఫేలియా ప్రాంతపు పుంపర్‌నికెల్ అను రొట్టెను నేటికిని కనీసము 16 గంటలపాటు తక్కువ వేడిలో కాల్చుదురు. ఆ దీర్ఘకాలములో చక్కెరలును, మాంసకృత్తుల నుండి వచ్చిన అమినో ఆమ్లములును కలిసి దానికి నల్లని రంగును, కొద్దిపాటి తీపిని కలిగించును.

చాల గ్రామములలో ఇంటింటికి బట్టీ ఉండెడిది కాదు. అగ్నిభయముచేతను, వంటచెరకు పొదుపుకొరకును ఊరికంతకు ఒక ఉమ్మడి బట్టీ ఇల్లు కట్టుకొనిరి. ఇంటివద్ద పిండి కలిపి, తమ వంతు వచ్చిన దినమున అక్కడికి మోసికొనిపోయి కాల్చుకొనెడివారు. ఇంటివంట అనగా అప్పుడు సగము ఇంటిలోను, సగము ఊరిలోను జరిగెడు పని.

బూడిద, జింకకొమ్ము, తేనె

లవణముల మార్గము కూడ పాతదియే. న్యూరెంబర్గు నగరము సుగంధద్రవ్యముల వర్తకమునకు పేరుపొందినది. చుట్టునున్న అడవులలో తేనె సమృద్ధిగా దొరకెడిది. ఈ రెండును కలిసి లేబ్‌కూఖెన్ అను తేనెరొట్టెకు ఆ నగరమును నిలయము చేసెను. 1643లో అక్కడి తేనెరొట్టెలవారు తమకంటూ ప్రత్యేకముగా ఒక వృత్తిసంఘమును పొందిరి.

తేనె, పిండి కలిపిన బరువైన ముద్దను ఈస్టు సులభముగా పొంగింపలేదు. అంత తీపిలో అది బాగుగా పెరుగదు. అందుచే కట్టెల బూడిదను నీటిలో నానబెట్టి, వడగట్టి, ఆ నీటిని మరగించి తీసిన పొటాషు అను క్షారమును వాడిరి. ఇది పొటాషియం కార్బొనేటు. అయితే ఇది వాయువును విడుచుటకు ఆమ్లము కావలెను గదా! తేనెముద్దను వారములకొలది, ఒక్కొక్కప్పుడు నెలలకొలది చల్లని చోట ఊరబెట్టెడివారు. ఆ కాలములో ముద్దలో నెమ్మదిగా పులుపు పుట్టెడిది. తరువాత పొటాషు కలిపి కాల్చినప్పుడు ఆ పులుపుతో కలిసి అది వాయువును విడిచెడిది.

మరియొక లవణమునకు జర్మనులు జింకకొమ్ము ఉప్పు అని పేరు పెట్టిరి. పూర్వము దానిని నిజముగానే కొమ్ములను, గిట్టలను మూసిన పాత్రలలో కాల్చి సంపాదించెడివారు. ఇది ముఖ్యముగా అమ్మోనియం కార్బొనేటు. దీని విశేషమేమనగా, సుమారు 60 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే ఇది పూర్తిగా విడిపోయి అమ్మోనియా, బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి అను మూడింటిగా మారును. వెనుక ఏ ఉప్పును మిగులదు. కాని అమ్మోనియా వాసన మహా ఘాటైనది. పలుచని బిళ్ళలనుండి అది కాలునప్పుడే వెలుపలికి పోవును. లావైన కేకులోనైనచో లోపలనే చిక్కుకొని తినుటకు వీలులేకుండ చేయును. కనుకనే జర్మను గృహిణులు దీనిని పలుచని క్రిస్మసు బిళ్ళలకు మాత్రమే వాడుదురు.

క్షారము పొంగించుటకే కాక రంగునకును ఉపకరించును. బ్రెట్సెల్ అను ముడివేసిన రొట్టెను కాల్చుటకు ముందు మిక్కిలి పలుచని సోడియం హైడ్రాక్సైడు ద్రావణములో ముంచి తీయుదురు. క్షారముండుటచే పైపొరలోని చక్కెరలు, అమినో ఆమ్లములు త్వరగా కలిసి నిగనిగలాడు గోధుమరంగును, ఆ రొట్టెకే చెందిన ప్రత్యేకమైన రుచిని ఇచ్చును. ఈ చర్యను 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయ్యార్. ఆయన పేరనే అది నేడు ప్రసిద్ధమైయున్నది. ఈ క్షారము చర్మమును, కండ్లను కాల్చునట్టిది గనుక పిల్లలు దీనిని తాకరాదు.

పండుగ రొట్టె, పానశాల నురుగు

వెన్న, ఎండుద్రాక్ష దట్టించిన ష్టోల్లెన్ అను క్రిస్మసు రొట్టె డ్రెస్డెన్ నగరమునకు చెందినది. 1474 నాటి ఒక ఆసుపత్రి లెక్కలలోనే దీని ప్రస్తావన కనిపించును. అయితే ఆ కాలపు ష్టోల్లెన్‌లో వెన్న లేదు. క్రిస్మసుకు ముందు వారములు ఉపవాస దినములు. పాలు, వెన్న నిషిద్ధములు. నూనె, నీరు, పిండి కలిపి చేసిన ఆ రొట్టె రుచి ఏపాటిదో ఊహింపవచ్చును. సాక్సనీ పాలకుల అభ్యర్థనపై 1491లో పోపు ఎనిమిదవ ఇన్నొసెంటు వెన్న వాడుటకు అనుమతి నిచ్చెను. ఆ ఉత్తరువును జర్మనులు నేటికిని వెన్న ఉత్తరమనియే చెప్పుకొందురు.

ష్టోల్లెన్ పొంగునది ఈస్టుచేత. ఈస్టు ఎక్కడిది? బీరు కాయువారి తొట్లపై తేలెడు నురుగును రొట్టెలవారు కొని తెచ్చుకొనెడివారు. అది ఒకనాడు చురుకుగా, ఒకనాడు మందముగా నుండెడిది. ఒక్కొక్కప్పుడు బీరులోని చేదును రొట్టెకు అంటించెడిది. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలమున వియన్నాలో ఈస్టును శుభ్రపరచి, నీరు పిండివేసి, అచ్చులుగా అమ్ముట ఆరంభమైన తరువాతగాని ఈ ఇబ్బంది తగ్గలేదు. అంతకుముందు ఇంటిలో పండుగకు రొట్టె చేయదలచిన గృహిణికి అది పొంగునో పొంగదో ముందుగా తెలియదు. ఒకవేళ పొంగనిచో విలువైన వెన్న, గ్రుడ్లు, చక్కెర నష్టమే.

ఈస్టు ప్రాణియా, పదార్థమా?

ఆ నురుగులో ఉన్నదేమి? 1837లో థియొడోర్ ష్వాన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శినిలో ఈస్టును పరీక్షించి, అది మొగ్గలు తొడుగుచు పెరిగెడు ప్రాణియనియు, చక్కెరను సారాయముగా మార్చునది దాని జీవనమేయనియు ప్రకటించెను. ఫ్రాన్సులో కాన్యార్ద్ లతూర్, జర్మనీలోనే క్యూట్సింగ్ అనువారును ఇంచుమించు ఆ కాలముననే అట్టి నిర్ణయమునకు వచ్చిరి.

ఆనాటి రసాయనజ్ఞులలో అగ్రగణ్యుడు యూస్టుస్ ఫన్ లీబిగ్. ఆయనకు ఈ మాట రుచింపలేదు. కుళ్ళుచున్న పదార్థపు అణువుల కదలిక చక్కెరకు తగిలి దానిని విడగొట్టుననియు, దానికి ప్రాణముతో పనిలేదనియు ఆయన వాదము. 1839లో ఆయన సంపాదకత్వమున వెలువడెడు పత్రికలో ఆయనయు, మిత్రుడు వోలరును కలిసి పేరు లేకుండ ఒక పరిహాస వ్యాసము ప్రకటించిరి. చక్కెరను నోటితో మ్రింగి, సారాయమును ఒకవైపునుండియు, వాయువును మరియొకవైపునుండియు విసర్జించు చిన్న జంతువులుగా ఈస్టును అందులో వర్ణించి ష్వాన్ సిద్ధాంతమును ఎగతాళి చేసిరి.

1857 మొదలుకొని పాశ్చర్ జరిపిన పరిశోధనలు ష్వాన్ పక్షమునకు బలము చేకూర్చెను. లీబిగ్ చివరివరకు పూర్తిగా అంగీకరింపలేదు. ఆయన 1873లో మరణించెను. కాని కథ అక్కడితో ముగియలేదు. 1897లో ఎడ్వర్డ్ బూఖ్నర్ ఈస్టును ఇసుకతో నూరి, పిండి, జీవకణములు లేని రసమును తీసెను. అందులో చక్కెర కలుపగా బుడగలు వచ్చెను. కణము చనిపోయినను దానిలోని ఎంజైములు పనిచేయుననుట దీనివలన తేలెను. ఈ పరిశోధనకు 1907లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. ఈస్టు ప్రాణియే; కాని అది చేయు పని మాత్రము రసాయన చర్యయే. ఇరుపక్షముల వాదములోను కొంత సత్యమున్నదని అర్ధశతాబ్ది దాటిన పిదప బోధపడెను.

ఆకలిని చూచిన రసాయనజ్ఞుడు

లీబిగ్ వాదములో తప్పున్నను ఆయన ఉద్దేశము చిన్నది కాదు. 1815లో ఇండొనీషియాలోని తంబోరా అగ్నిపర్వతము ప్రేలి ఆకాశమును ధూళితో కప్పివేయగా, మరుసటి సంవత్సరము ఐరోపాలో వేసవియే రాలేదు. పంటలు కుళ్ళిపోయెను, 1816–17లో జర్మను రాజ్యములలో ఘోరమైన కరవు వచ్చెను. అప్పటికి డార్మ్‌ష్టాట్ నగరములో లీబిగ్ పదమూడేండ్ల బాలుడు. పెద్దవాడై 1824లో గీసెన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన తరువాత ఆయన తన శాస్త్రమును నేల సారమునకు, ఎరువులకు, ఆహారమునకు అన్వయించుటలో జీవితమును గడపెను.

ఆయన దగ్గర చదువుకొనుటకు దేశదేశములనుండి విద్యార్థులు వచ్చిరి. వారిలో ఒకడు అమెరికానుండి 1844లో వచ్చిన ఎబెన్ హార్స్‌ఫర్డ్. తిరిగి వెళ్ళి ఆయన హార్వర్డు విశ్వవిద్యాలయములో రమ్‌ఫర్డు పేరుగల ఆచార్యపదవిని చేపట్టెను. ఈ రమ్‌ఫర్డు ప్రభువు కథయు వంటగదికి సంబంధించినదే. అమెరికాలో పుట్టి, బవేరియా రాజ్యమున కొలువుచేసి, 1790 ప్రాంతమున మ్యూనిక్ నగరపు పేదలకు బార్లీ, బఠాణీల చారు పోయించి, తక్కువ కట్టెలతో ఎక్కువ వంట చేయగల పొయ్యిలను నిర్మించిన శాస్త్రజ్ఞుడాయన. ఆయన విడిచిన ధనముతోనే హార్వర్డులో ఆ పదవి ఏర్పడెను.

వంటసోడాతో పిండిని పొంగించుట అప్పటికే తెలిసినదే. సోడాకు ద్రాక్షసారానుండి వచ్చెడు టార్టారికామ్ల లవణమును జతచేసెడివారు. 1843లో ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ అను ఔషధ వర్తకుడు, ఈస్టు సరిపడని తన భార్యకొరకు అట్టి పొడిని తయారుచేసెను. కాని ఆ లవణము ఖరీదైనది. హార్స్‌ఫర్డ్ దానికి బదులు ఎముకలనుండి గంధకికామ్లముతో తీసిన ఆమ్ల కాల్షియం ఫాస్ఫేటును వాడి 1856లో పేటెంటు పొందెను. ఆయన భాగస్వామిగా నున్న కర్మాగారమునకు రమ్‌ఫర్డు పేరునే పెట్టిరి.

శిష్యుని పొడిని చూచి గురువు మిక్కిలి సంతోషించెను. ఆయన సంతోషమునకు రెండు కారణములు. మొదటిది: ఈస్టు పిండిలోని చక్కెరను తిని పొంగించును, అంతమేరకు జనుల ఆహారము గాలిలో కలిసిపోవుచున్నది. లవణముతో పొంగించినచో ఆ నష్టము లేదు. రెండవది: పిండిని తెల్లగా జల్లించినప్పుడు తవుడుతో పాటు పోవు భాస్వర లవణములు ఈ పొడివలన మరల రొట్టెలో చేరును. 1867–68లో తూర్పు ప్రష్యాను కరవు పీడించెను. ఆ కాలముననే మ్యూనిక్‌లోనున్న లీబిగ్ ఈ కొత్త రొట్టెను గూర్చి గట్టిగా ప్రచారము చేసెను. అయినను జర్మను రొట్టెలవారు దానిని ఆదరింపలేదు. ఆమ్లపు పొడి ఒకటి, క్షారపు పొడి ఒకటిగా వచ్చిన ఆ సరుకును సరిగా తూచి కలుపవలెను. రొట్టెకు అలవాటైన రుచియు రాదు. మహాశాస్త్రజ్ఞుని సలహా కాగితములపైననే ఎక్కువగా మిగిలిపోయెను.

మందుల దుకాణమునుండి వంటగదికి

లీబిగ్ రొట్టెలవారివైపు చూచెను. ఇరువదేండ్ల పిదప మరియొకడు గృహిణివైపు చూచెను. ఆయన పేరు ఆగస్ట్ ఓట్కర్. 1862లో ఒక రొట్టెలవాని కుమారుడుగా జన్మించి, వృక్షశాస్త్రములో డాక్టరు పట్టము పొంది, 1891 జనవరిలో బీలెఫెల్డ్ పట్టణమున ఒక మందుల దుకాణమును తీసికొనెను. బేకింగు పౌడరును కనిపెట్టినవాడు ఓట్కర్ కాడు; ఆ ఘనత పైన చెప్పినవారిది. ఆయన చేసిన పని వేరు. రుచి చెడకుండ, చాలకాలము నిలువ యుండునట్లు, ప్రతి పొట్లము ఒకే తీరున పనిచేయునట్లు పొడిని కుదిర్చి, సరిగా ఒక పౌను, అనగా 500 గ్రాముల పిండికి చాలునంత కొలిచి, పొట్లము పది ఫెన్నిగులకు అమ్మెను. పొడి తయారుచేయు పద్ధతికి 1903లో పేటెంటు పొందెను. ఆ పొట్లము నేటికిని 500 గ్రాముల పిండికే లెక్క.

మందుల దుకాణములో తూకము తప్పరాదు, తప్పినచో ప్రాణహాని. ఆ క్రమశిక్షణను ఆయన వంటగదికి తెచ్చెను. పొట్లముతోపాటు కేకు చేయు విధానమును అచ్చువేసి ఇచ్చెను. 1911లో బాలికలకు వంట నేర్పు పాఠశాల వంటపుస్తకము కూడ ఆ సంస్థ పేర వెలువడెను. అప్పటికి పట్టణములలోని ఇండ్లకు ఓవెను గల ఇనుపపొయ్యిలు వచ్చుచుండెను. బట్టీ వంతుకొరకు వేచియుండనవసరము లేదు. ఈస్టు చురుకో మందమో అని భయపడనవసరము లేదు. గిన్నెవంటి అచ్చులో కాల్చెడు గూగెల్‌హుప్ఫ్ అను కేకును ఒక్క పూటలో ఇంటిలోనే చేసికొనుట సామాన్య గృహిణికి సాధ్యమయ్యెను.

పొట్లములోని శాస్త్రమును విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును. వంటసోడా అనగా సోడియం బైకార్బొనేటు. దాని 84 గ్రాములు తగిన ఆమ్లముతో కలిసినచో 22.4 లీటర్ల బొగ్గుపులుసు వాయువు వచ్చును. ఇది 0 డిగ్రీల సెంటిగ్రేడువద్ద, సాధారణ వాయుపీడనమున వేసిన లెక్క. అట్లయిన 5 గ్రాములకు సుమారు 1.3 లీటర్లు. కేకు లోపలిభాగము 100 డిగ్రీలకు వేడెక్కుసరికి అది వ్యాకోచించి సుమారు 1.8 లీటర్లగును. ఆమ్లము లేక వేడి ఒక్కటే తగిలినచో సగము వాయువే వచ్చును. వెనుక బట్టల సోడా మిగిలి కేకును పచ్చగా, సబ్బురుచితో నుండునట్లు చేయును. పొడిలో ఆమ్లము ఎందుకున్నదో దీనివలన తెలియును. మూడవ పదార్థముగా కలుపు పిండిపదార్థము గాలిలోని తేమను పీల్చుకొని, పొట్లములోనే చర్య ఆరంభము కాకుండ కాపాడును.

పొట్లము చేరినంత మాత్రమున ఆకలి తీరదనుట యుద్ధకాలమున తెలిసెను. మొదటి ప్రపంచయుద్ధము 1914లో ఆరంభమై, సముద్రమార్గములు మూతపడగా, ఆ సంవత్సరము చివరనే రొట్టెలో బంగాళాదుంప కలుపుట మొదలయ్యెను. 1915లో రొట్టెకు చీటీలు వచ్చెను. 1916లో దుంపపంట దెబ్బతినగా 1916–17 చలికాలమున జనులు పశువులకు వేయు టర్నిపు దుంపలతో కడుపు నింపుకొనిరి. ఆ చలికాలమునకు టర్నిపు శీతకాలమనియే పేరు నిలిచెను. పొంగించు పొడి ఎంత మంచిదైనను పొంగుటకు పిండి ఉండవలెను గదా! ఆ సంస్థ చరిత్రలోను చీకటి పుటలు కలవు. నాజీ పాలనాకాలమున దాని అధిపతులు ఆ ప్రభుత్వముతో సన్నిహితముగా మెలగిరని, ఆ కుటుంబమే కోరి చరిత్రకారులచేత వ్రాయించిన గ్రంథము 2013లో వెల్లడించెను.

లెక్కలోనికి రాని లాభము

ఇక లీబిగ్ వేసిన లెక్కకు మరల వత్తము. ఈస్టు తినివేసిన చక్కెర నష్టమని ఆయన అనెను. తూకమునుబట్టి చూచినచో అది నిజమే. పులిసిన పిండి కొద్దిగా బరువు తగ్గును. కాని త్రాసునకు తెలియని లాభములు పులియుటలో కలవని తరువాతి పరిశోధనలు చూపినవి.

ధాన్యపు తవుడులో ఫైటికామ్లము అను పదార్థము ఉన్నది. అది ఇనుమును, జింకును గట్టిగా పట్టుకొని మన ప్రేగులు వానిని గ్రహింపకుండ అడ్డుపడును. పిండి పులిసి ఆమ్లత పెరిగినప్పుడు గింజలోనున్న ఫైటేజు అను ఎంజైము మేల్కొని ఈ పట్టును విడిపించును. ముడిధాన్యపు రొట్టెను ఎక్కువసేపు పులియబెట్టి చేసినచో అందులోని ఖనిజములు శరీరమునకు ఎక్కువగా అందుట ఇందువలననే. మరియు తవుడుతో పాటు పోవునవి భాస్వర లవణములు మాత్రమే కావు, విటమినులును పోవును. లీబిగ్ జీవించిన కాలమున విటమిను అను భావమే పుట్టలేదు. తనకు తెలిసిన పదార్థములతో ఆయన లెక్క సరిగానే వేసెను. తెలియని పదార్థము లెక్కలో చేరుట ఎట్లు?

కనుకనే జర్మను వంటగదిలో కొత్తది పాతదానిని వెడలగొట్టలేదు. రైకి పులిసిన తోడు, ష్టోల్లెన్‌కు ఈస్టు, తేనెరొట్టెకు పొటాషు, పలుచని బిళ్ళలకు జింకకొమ్ము ఉప్పు, ఆదివారపు కేకునకు బేకింగు పౌడరు. ఏ పిండికి ఏది తగునో అదియే నిలిచెను. 2014లో రొట్టె సంస్కృతిని జర్మను దేశము తన అభౌతిక వారసత్వ సంపదల జాతీయ పట్టికలో చేర్చెను. అక్కడి రొట్టెల పట్టికలో 3000కు మించిన రకములు నమోదైయున్నవి. గృహిణి చేతి అనుభవమును, రసాయనజ్ఞుని త్రాసును ఒకదానినొకటి దిద్దుకొనుచు ఆ సంపదను పెంచినవి.

పాఠశాలలో చేయదగిన ప్రయోగము

ఈ కథను ఉపాధ్యాయులు తరగతిలో మూడు గాజుసీసాలతో చూపవచ్చును. మొదటిదానిలో గోరువెచ్చని నీరు, రెండు చెంచాల చక్కెర, ఒక చెంచా ఈస్టు వేయుడు. రెండవదానిలో వేడినీరు పోసి అర చెంచా వంటసోడా మాత్రమే వేయుడు. మూడవదానిలో అంతే సోడాకు నిమ్మరసము చేర్చుడు. సోడా, ఈస్టు వేసిన వెంటనే మూతులకు రబ్బరు బుడగలు తొడుగుడు. మూడవ బుడగ క్షణములో లేచును. రెండవది కొద్దిగానే లేచును. మొదటిది గంటసేపు ఓపిక పట్టినచో నెమ్మదిగా నిండును. ఏది ఎప్పుడు లేచెనో, ఎంత లేచెనో విద్యార్థులు గడియారము చూచి వ్రాసికొనవలెను. పిమ్మట మొదటి సీసాను నీటితో సగము నింపి, వెచ్చదనమును, చక్కెరను మార్చి మరల చేసి చూడవలెను.

ఇంటిలో మినపపిండి చలికాలమున ఎందుకు ఆలస్యముగా పొంగునో, పండుగనాడు పిండివంటలో సోడా ఎక్కువైనచో రుచి ఎందుకు చెడునో అప్పుడు వారికి ఒకరు చెప్పనక్కరలేదు. ష్వాన్ సూక్ష్మదర్శినిలో చూచినదియు, ఓట్కర్ పొట్లములో కొలిచి పెట్టినదియు తమ యింటి గిన్నెలోనే జరుగుచున్నదని వారే గ్రహింతురు.